డ్రైవర్ల డ్రగ్ టెస్టుకు లాలాజలం ఎలా తీయాలి?

ల్యాబుకు పంపే నమూనాకు వాడే క్వాంటిసాల్ లాంటి పరికరంలో ఉండేవి రెండే: చివర ప్యాడ్ ఉన్న ప్లాస్టిక్ పుల్ల, 3 మిల్లీలీటర్ల బఫర్ (నమూనా చెడకుండా ఉంచే ద్రావణం) ఉన్న ట్యూబు. ప్యాడ్ 1 మిల్లీలీటరు లాలాజలం పీల్చుకుంటే పుల్ల మీది సూచిక నీలంగా మారుతుంది.

1. ఎక్స్‌పైరీ తేదీ డ్రైవరుకు చూపించి, ప్యాకెట్ అతని ఎదుటే చించండి.

2. నోరు తెరిపించి చూడండి. గుట్కా, చూయింగ్ గమ్ లాంటివి ఉంటే ఉమ్మించి, నోరు పుక్కిలించమనండి. తర్వాత 10 నిమిషాలు తిండి, నీళ్లు, సిగరెట్ ఏదీ వద్దు. ఆ 10 నిమిషాలూ అతన్ని కనిపెట్టుకునే ఉండాలి.

3. ప్యాడ్ నాలుక కింద పెట్టి, నోరు మూసి, తల కాస్త వంచమనండి. మాట్లాడకూడదు, ప్యాడ్‌ను నమలకూడదు.

4. సూచిక పూర్తిగా నీలం అయ్యాకే బయటికి తీయాలి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. 1 మిల్లీలీటరు 3 మిల్లీలీటర్లలో కలిసి నాలుగు రెట్లు పలచబడిందన్న లెక్కతోనే ల్యాబ్ ఫలితం ఇస్తుంది. ప్యాడ్‌లో అర మిల్లీలీటరే ఉంటే అది ఏడు రెట్లు పలచబడుతుంది. అప్పుడు లాలాజలంలో మిల్లీలీటరుకు అసలు 10 నానోగ్రాముల డ్రగ్ ఉన్నా, కాగితం మీద 6 కన్నా తక్కువే కనిపిస్తుంది. 10 నిమిషాలైనా నీలం రాకపోతే ఆ పరికరం పక్కన పెట్టేయండి. నోరు తడుపుకోవడానికి నీళ్లిచ్చి, మరో 10 నిమిషాలు ఆగి, కొత్తది వాడండి. గంజాయి, యాంఫెటమిన్లు తీసుకుంటే నోరు ఎండిపోతుంది, భయపడ్డా అంతే. కాబట్టి ఆలస్యమైందని అనుమానించకండి. నిమ్మకాయ, పుల్లటి చాక్లెట్ ఇచ్చి నోరు ఊరించడం మాత్రం వద్దు. లాలాజలం పెరుగుతుంది గానీ అందులో డ్రగ్ సాంద్రత పడిపోవచ్చు.

5. ట్యూబు నిటారుగా పట్టుకుని, ప్యాడ్ కిందికి ఉండేలా పుల్ల దించి, మూత గట్టిగా బిగించండి. బఫర్ ఒలికితే పై లెక్క మళ్లీ తప్పుతుంది, ఆ ట్యూబు పారేయాల్సిందే. సీలు వేసి, తేదీ రాసి, డ్రైవరుతో పొడి సంతకం పెట్టించండి. ఉత్త ప్లాస్టిక్ సీసాలో ఉమ్మించి పంపితే గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ సీసా గోడలకు అంటుకుపోతుంది.

మద్యానికి ఈ ప్యాడ్ కాదు, వేరే లాలాజల పరికరం వాడాలి. మౌత్‌వాష్‌లోని ఆల్కహాల్ కూడా అందులో కనిపిస్తుంది గనక ముందు 15 నిమిషాలు ఆగడం మంచిది. అమెరికా రవాణా శాఖ నిబంధనల్లో ఈ లాలాజల మద్యం పరీక్ష తొలి పరీక్ష మాత్రమే: ఆల్కహాల్ స్థాయి 0.02 గానీ అంతకు మించి గానీ వస్తే, కనీసం 15 నిమిషాలు ఆగి బ్రీత్ మెషీన్‌తో నిర్ధారించాలి.