కెమెరా రికార్డింగ్ పీసీ మొరాయిస్తుంటే ముందు డిస్కులు మార్చండి
ప్రాసెసర్ మీద డబ్బు తర్వాత పెట్టొచ్చు. విండోస్‌కి 256 జీబీ ఎస్ఎస్‌డీ, రికార్డింగ్‌కి విడిగా డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి సీసీటీవీ హార్డ్‌డిస్క్ పెట్టండి. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల (4 ఎంబీపీఎస్) వీడియో పంపితే నాలుగు కెమెరాలకు రోజుకు దాదాపు 173 జీబీ. 4 టీబీ డిస్క్‌లో సుమారు 23 రోజుల రికార్డింగ్ పడుతుంది. 2 టీబీ దాటిన డిస్క్‌ని విండోస్‌లో మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు (ఇనిషియలైజ్) జీపీటీ అనే పద్ధతినే ఎంచుకోవాలి. పాత పద్ధతి ఎంబీఆర్ అయితే 2 టీబీకి పై జాగా వాడుకోలేం.

లైవ్ వ్యూకి సబ్‌స్ట్రీమ్ (కెమెరా పంపే తక్కువ క్వాలిటీ రెండో వీడియో) పెడితే సీపీయూకి చాలా ఊరట.

క్యాబినెట్ మూత తీసినప్పుడే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ కూడా మార్చేయండి. అది అయిపోతే కరెంటు పోయొచ్చాక పీసీ గడియారం వెనక్కి వెళ్లి, రికార్డింగులకు తప్పు తేదీ పడుతుంది. దొంగతనం జరిగినప్పుడు పోలీసులు మొదట అడిగేది ఆ టైమే. కరెంటు రాగానే పీసీ దానంతటదే ఆన్ అయ్యేలా బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) సెట్టింగ్ పెట్టడం మరవకండి.