రామన్ మెషిన్‌తో డ్రమ్ము స్కాన్ చేసే ముందు

చేతిలో ఇమిడే రామన్ స్పెక్ట్రోమీటర్లు (లేజర్ వేసి, చెదిరి వచ్చే కాంతిని గ్రాఫ్‌గా గీసి పదార్థాన్ని గుర్తుపట్టే మెషిన్లు) వచ్చాక ఫార్మా గోడౌన్లలో ముడిసరుకు గుర్తింపు చాలా తేలికైంది. డ్రమ్ములోని పాలిథిన్ సంచి విప్పకుండానే లోపలున్నది పారాసెటమాలో కాదో చెప్పేస్తాయి. కానీ ట్రిగ్గర్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• ముందు కళ్లు. చాలా మెషిన్లలో ఉండేది 785 నానోమీటర్ల లేజర్. అది కంటికి సరిగా ఆనదు, దెబ్బ మాత్రం గట్టిది. ఆ తరంగదైర్ఘ్యాన్ని ఆపే కళ్లజోడే పెట్టుకోండి, మామూలు సేఫ్టీ గ్లాసెస్ చాలవు.

• నల్లటి, ముదురు రంగు పొడులు లేజర్‌ను పీల్చుకుని వేడెక్కుతాయి. ఒకసారి నా కళ్లముందే సంచికి చిన్న చిల్లు పడి, సన్నగా పొగ లేచింది. పవర్ తగ్గించండి. పేలే గుణమున్న వాటి జోలికి అసలు వెళ్లొద్దు.

• షిఫ్ట్ మొదట్లో పాలిస్టైరీన్ ముక్కతో చెక్ చేయండి. గ్రాఫ్‌లో 1001 cm⁻¹ దగ్గర సూదిలాంటి శిఖరం రావాలి. అది పక్కకు జరిగితే మెషిన్ సరిచేసేదాకా స్కానింగ్ ఆపండి.

• సంచి ముడతలు లేకుండా, ఒకే పొర మీద ఆనించి పట్టండి. మెషిన్ ముక్కు తుడిచారా?

• సెల్యులోజ్ లాంటివి ఫ్లోరసెన్స్‌తో (లేజర్ తగిలి అవే మెరవడంతో) గ్రాఫ్‌ను కొండలా ఉబ్బిస్తాయి. 1064 నానోమీటర్ల మెషిన్ ఉంటే అది తీయండి.

• సోడియం క్లోరైడ్‌కు టైమ్ వేస్ట్ చేసుకోకండి, గుర్తుపట్టే శిఖరమే రాదు.

• గ్లిజరిన్ ‘పాస్’ అయిందని వదిలేయొద్దు. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష ద్రవం కొద్దిగా కలిసినా ప్రాణాంతకమే, ఆ కొద్దిపాటి కల్తీ రామన్‌కు చిక్కదు. గ్యాస్ క్రొమటోగ్రఫీకి (మిశ్రమాన్ని విడదీసి చూసే ల్యాబ్ పరీక్షకు) శాంపిల్ పంపాల్సిందే.