గేమ్ రిజర్వ్‌లో వాలంటీర్ పనికి దక్షిణాఫ్రికా వెళ్లేముందు చూసుకోవాల్సినవి

గేమ్ రిజర్వ్ అంటే వన్యప్రాణులను కాపాడే రక్షిత ప్రాంతం. అలాంటి పని ఉందంటూ వాలంటీర్లను పిలిచే చోట్లు దక్షిణాఫ్రికాలో చాలా ఉన్నాయి. వాటిలో సరైనదాన్ని ఎంచుకోవడమే అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. ప్రకటనలో సింహం పిల్లకు సీసాతో పాలు పడుతున్న ఫోటో కనిపిస్తే అక్కడితో ఆపేయండి. తల్లి లేని పిల్లలనీ, పెంచి అడవిలో వదులుతామనీ చెబుతారు. మనుషుల చేతుల్లో పెరిగిన సింహం అడవిలో బతకడం చాలా కష్టం. అలా పెంచినవి కంచె లోపలి వేటకూ, ఎముకల వ్యాపారానికీ పోయిన చరిత్ర ఆ దేశంలో ఉంది. డబ్బు కట్టి మరీ ఆ వ్యాపారానికి చాకిరీ చేసి రావడం ఎందుకు?

అసలైన మానిటరింగ్‌లో, అంటే జంతువుల కదలికలను గమనించి రాసుకునే పనిలో, జంతువును తాకే పనే ఉండదు. వెటర్నరీ డాక్టర్ మత్తిచ్చి జంతువు మెడకు సిగ్నల్ పంపే పట్టీ (రేడియో కాలర్) వేసే రోజు దగ్గర నిలబడనిస్తే అది మీ అదృష్టం. మిగతా రోజులన్నీ యాంటెన్నా పట్టుకుని సిగ్నల్ వెతకడం, ఎదురుచూడడం, రాసుకోవడం, జంతువు కదలగానే దానంతటదే ఫోటో తీసే కెమెరా ట్రాప్‌ల ఫోటోలు వేరుచేయడం. డబ్బు కట్టేముందు నిర్వాహకులను మొహమాటం లేకుండా అడగండి: మేం రాసే వివరాలు ఎవరు వాడతారు? బండి దిగితే పక్కన తుపాకీ, శిక్షణ ఉన్న గైడ్ ఉంటాడా? దగ్గరి ఆసుపత్రి ఎన్ని గంటల దూరం? మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే ఆ ప్రాజెక్టు సంగతి అర్థమైనట్టే.

పాస్‌పోర్టులో కనీసం రెండు ఖాళీ పేజీలు ఉంచుకోండి. వీసా దరఖాస్తులో జీతం లేని వాలంటీర్ పని అని స్పష్టంగా రాయండి. టూరిస్టునని చెప్పి పనికి దిగితే తర్వాత చిక్కు మీకే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం మీదుగా వెళ్తూ అక్కడి ఎయిర్‌పోర్టులో 12 గంటలు దాటి ఆగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా టికెట్ తీసుకునేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు. ఇన్సూరెన్స్‌లో అడవి నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా ఉండాలి.

మలేరియా దేశమంతా లేదు. క్రూగర్ నేషనల్ పార్క్ ఉన్న ఈశాన్య పల్లపు ప్రాంతాలు, క్వాజులు-నటాల్ రాష్ట్రం ఉత్తరపు కొస దీనికి పేరుపడ్డవి. పిలానెస్‌బర్గ్, మదిక్వే రిజర్వ్‌లలో ఆ బాధ లేదు. సెప్టెంబర్ నుంచి మే దాకా ముప్పు ఎక్కువ. మలేరియా రాకుండా ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్ చెప్పాలి, కానీ డాక్సీసైక్లిన్ రాస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, దాంతో చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. రెండు, అది గొంతు కింద అంటుకుంటే మంట పుడుతుంది. నిద్రమత్తులో గుక్కెడు నీళ్లతో మింగి మళ్లీ పడుకోకండి. గ్లాసు నిండా నీళ్లు తాగి కాసేపు కూర్చోండి.

అందరూ సింహాల గురించి అడుగుతారు, పిడుదుల గురించి ఎవరూ అడగరు. వాలంటీర్లను మంచాన పడేసేవి ఎక్కువగా ఇవే. మిరియపు పొడి చల్లినట్టుండే పిల్ల పిడుదులు గడ్డి మీంచి కాళ్లకు పాకుతాయి. కుట్టినట్టు కూడా తెలియదు. వారం తిరిగేసరికి విపరీతమైన తలనొప్పి, జ్వరం, కుట్టినచోట నల్లటి పెచ్చు. దీన్ని అక్కడ టిక్ బైట్ ఫీవర్ అంటారు. మందుకు త్వరగానే లొంగుతుంది, కానీ ముందు గుర్తుపట్టాలి కదా. ప్యాంటును సాక్సులోకి దోపుకోండి. రోజూ స్నానానికి వెళ్లినప్పుడు మోకాళ్ల వెనక, గజ్జల్లో, నడుము చుట్టూ, చంకల్లో తడిమి చూసుకోండి. పిడుదు కనిపిస్తే అగ్గిపుల్లతో కాల్చకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి.

బట్టలు ఖాకీ, ఆలివ్, గోధుమ రంగుల్లో ఉంటే చాలు. తెలుపు, మెరిసే రంగులు వద్దు. మిలిటరీ చారల బట్టలు అసలే వద్దు, వేటగాళ్ల కోసం తిరిగే గార్డులు మిమ్మల్ని చూసి పొరబడే పరిస్థితి తెచ్చుకోకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని వచ్చినవాళ్లు తెల్లవారుజామున ఓపెన్ పికప్ వెనక కూర్చుని గడగడ వణుకుతారు. ఉన్ని టోపీ, గ్లవుజులు పెట్టుకోండి. బండి పోతుంటే చేతులు బయట పెట్టకండి, తుమ్మ ముళ్లు చర్మాన్ని చీరేస్తాయి. జంతువు దగ్గరుంటే లేచి నిలబడకండి. అప్పటిదాకా బండిలో కలిసిపోయి ఉన్న మనిషి అప్పుడే దానికి విడిగా కనబడతాడు.

ఎక్కువ ప్రమాదం బండి దిగినప్పుడే. గేటు తీయడం, కెమెరా కార్డు మార్చడం, పంక్చర్, పొద వెనక్కి వెళ్లే అవసరం. గైడ్ చుట్టూ చూసి సరేననేదాకా కాలు కింద పెట్టకండి. నడిచేటప్పుడు గైడ్ వెనక ఒకే వరసలో, మాటల్లేకుండా నడవాలి. సింహం ఎదురైతే పరుగెత్తకూడదు. ఈ మాట అందరికీ తెలుసు, ఆ క్షణంలో కాళ్లు మాత్రం వినవు. అందుకే మొదటి రోజే గైడ్‌తో సైగలు రిహార్సల్ చేయించుకోండి. ఖడ్గమృగమైతే దగ్గరున్న చెట్టే దిక్కు. కణతల దగ్గర మదజలం కారుతున్న ఏనుగు కనిపిస్తే ఫోటో సంగతి వదిలేసి బండిని వెనక్కి తిప్పించండి. గుంపు వదిలిన ముసలి మగ దున్నకు చాలా దూరంగా ఉండండి. హిప్పోకీ నీటికీ మధ్యకు వెళ్లకండి. నీళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నా దిగవద్దు, మొసలి లేకపోయినా చర్మంలోంచి ఒంట్లోకి దూరే బిల్హార్జియా పురుగు ఉండొచ్చు.

క్యాంపులో రాత్రి టార్చ్ లేకుండా బాత్రూమ్‌కి కూడా నడవకండి. పఫ్ యాడర్ అనే పాము అడుగుల చప్పుడుకు పక్కకు తప్పుకోదు, దారి మీదే కదలకుండా పడుకుంటుంది. విషం చిమ్మే నాగులు గదుల్లోకి వచ్చి నిద్రపోయేవాళ్లను కాటేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. నేల మీద కాకుండా మంచం మీద పడుకుని దోమతెర అంచులు పరుపు కింద దోపండి. విషం కంట్లో పడితే వెంటనే పది పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీళ్లతో కడుగుతూ ఉండాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయకుండా, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అత్యవసర నంబర్ మొబైల్ నుంచి 112. సిగ్నల్ లేనిచోట వాకీటాకీ లాంటి రేడియోనే ఆధారం, దాన్ని వాడడం ముందే నేర్చుకోండి.

ఇక మీ వల్ల జంతువుకు ప్రమాదం రాకుండా చూడాలి. తెల్ల ఖడ్గమృగం అంతరించిపోకుండా కాపాడిన హ్లుహ్లువే-ఇంఫోలోజీ పార్కులో 2023లో ఒక్క ఏడాదే 300కు పైగా ఖడ్గమృగాలను వేటగాళ్లు చంపారు. ఆ ఏడాది దేశం మొత్తం మీద పోయినవి 499. మీ ఫోన్ కెమెరా ప్రతి ఫోటోలోనూ చోటు వివరాలు దాచిపెడుతుంది. అది వేటగాళ్లకు దారి చూపినట్టే, అక్కడికి చేరగానే ఆ సెట్టింగ్ ఆపేయండి. రిజర్వ్ పేరు, తేదీ, వెనక కొండ లేదా నీటి గుంట కనిపించే ఖడ్గమృగం ఫోటోను ఎక్కడా పెట్టకండి, ఇంటి గ్రూపులో కూడా. ఎన్ని ఉన్నాయి, కొమ్ము ఎంతుంది లాంటివి ఊళ్లో, టాక్సీలో మాట్లాడకండి. కొందరికి ఇది అతి అనిపిస్తుంది. నాకైతే ఫోటోల మోజు వదులుకోలేనివాళ్లు ఈ పనికి రాకపోవడమే మంచిదనిపిస్తుంది.

రాసే వివరాల్లోనూ అంతే నిక్కచ్చిగా ఉండండి. మూడు గంటలు వెతికినా వైల్డ్ డాగ్స్ (ఆఫ్రికా అడవి కుక్కలు) గుంపు కనబడకపోతే "కనబడలేదు" అనే రాయాలి. గుర్తు సరిగా తెలియకపోతే ఏ జంతువో తెలియలేదని రాయండి. ఖాళీగా తిరిగొచ్చామన్న చిన్నతనంతో ఊహించి నింపిన గడి, ఆ గుంపును ఎక్కడికి తరలించాలో తేల్చేవాళ్లను తప్పుదోవ పట్టిస్తుంది.

తిరిగి వచ్చాక మలేరియా మాత్రలు ఆపేయకండి. డాక్సీసైక్లిన్ అయితే ఇంకో నాలుగు వారాలు, అటోవాకోన్-ప్రొగ్వానిల్ అయితే ఏడు రోజులు వేసుకోవాలి. తర్వాతి మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి.