కారు ఇంజన్ బెల్టు చప్పుడు చేస్తోందా? కారణాన్ని కనిపెట్టే పద్ధతి

ఉదయం కారు స్టార్ట్ చేయగానే బానెట్ కింది నుంచి కీచుమని చప్పుడు వచ్చి, కాసేపటికి అదే సద్దుమణిగితే చాలామంది దాన్ని పట్టించుకోరు. పట్టించుకున్నవారు నేరుగా వెళ్లి కొత్త బెల్టు వేయించుకుంటారు. ఈ రెండూ పొరపాట్లే. చప్పుడు బెల్టు దగ్గరే వినిపించినా, దానికి కారణం బెల్టును బిగువుగా ఉంచలేక సడలిపోయిన టెన్షనర్‌లోనో, వరుస తప్పిన పుల్లీలోనో (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రం), అరిగిన బేరింగ్‌లోనో ఉండవచ్చు. ఆ కారణాన్ని అలాగే వదిలేసి బెల్టు ఒక్కటే మారిస్తే కొద్ది రోజులకు అదే చప్పుడు మళ్లీ మొదలవుతుంది. ఒక టార్చిలైటు, నీళ్లు చిమ్మే చిన్న స్ప్రే సీసా దగ్గర ఉంటే, లోపం ఎటువైపు ఉందో ఇంటి దగ్గరే చాలావరకు తేల్చుకోవచ్చు.

మెకానిక్‌లు ఫ్యాన్ బెల్టు అని పిలిచే ఈ నల్లటి రబ్బరు పట్టీ, ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ చివర ఉన్న పుల్లీ నుంచి శక్తిని తీసుకుని, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను, చాలా కార్లలో వాటర్ పంపును కూడా తిప్పుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న కార్లలో దాని పంపు కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఇంజన్ వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు దీనికి పూర్తిగా వేరు. అది మూత లోపల ఉంటుంది, బయటికి కనిపించదు. కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు దాన్ని మార్పించుకోవాలే తప్ప, చప్పుడు వచ్చేదాకా ఆగకూడదు. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగిలి పాడవుతాయి.

బానెట్ ఎత్తే ముందు కారును చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో గానీ, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో గానీ పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. చున్నీ, కొంగు, మెడలో గొలుసు, వదులు చొక్కా చేతులు, విరబోసిన జుట్టు వంటివి తిరిగే బెల్టుకు చిక్కుకుంటే ప్రాణాపాయం. రేడియేటర్ ఫ్యాను, ఇంజన్ ఆపిన తర్వాత కూడా దానంతట అదే తిరగవచ్చు కనుక చేతులను అటువైపు పోనివ్వకండి.

మొదటి పని వినడం. చప్పుడు ఎలా ఉంది, ఎప్పుడు వస్తోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్లే. ఆగకుండా సాగే కీచుమనే శబ్దం, బెల్టు పుల్లీ మీద పట్టు తప్పి జారుతోందని చెబుతుంది. పిచ్చుక కూత వలె కిచ్, కిచ్ మంటూ విడివిడిగా వచ్చి, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ వేగం పెరిగే శబ్దం, పుల్లీలు ఒకే వరుసలో లేవని చెబుతుంది. గరగరమనే శబ్దం గానీ, గుర్రుమనే శబ్దం గానీ బేరింగ్ అరుగుదలకు సూచన. ఏసీ వేసిన క్షణంలోనే కీచుమంటే కంప్రెసర్ భారం పడినప్పుడు బెల్టు జారుతున్నదన్న మాట. స్టార్ట్ చేసిన వెంటనే కీచుమని, బ్యాటరీ చార్జ్ అయ్యే కొద్దీ తగ్గితే అదే భారం ఆల్టర్నేటర్ నుంచి వస్తోంది. వానాకాలం ఉదయాల్లో తేమ వల్ల కొద్ది క్షణాలు మాత్రమే వచ్చి పోయే చప్పుడుకు కంగారుపడనక్కరలేదు, కానీ ఎండ ఉన్న రోజుల్లో కూడా అది కొనసాగితే ఉపేక్షించకూడదు.

తర్వాత ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, టార్చి వెలుగులో బెల్టును చూడండి. పక్క అంచులు నూలు పోగులుగా లేచి ఉంటే అది వరుస తప్పి తిరుగుతోంది. పుల్లీని తాకే వైపు అద్దంలా మెరుస్తుంటే జారి జారి కాలిపోయింది. చుట్టుపక్కల నల్లటి రబ్బరు పొడి పేరుకుని ఉండటం కూడా మంచి గుర్తు కాదు. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ఇప్పటి బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో తయారవుతాయి, అవి పాత బెల్టుల మాదిరి పగుళ్లు చూపకుండానే టైరులా అరిగిపోతాయి. అందువల్ల పగుళ్లు లేవన్న ఒక్క కారణంతో బెల్టు బాగుందని తీర్మానించకండి. బెల్టు లోపలి వైపు పొడవునా ఉండే గాళ్లు (సన్నని కాలువల్లాంటి గీతలు) లోతుగా, వెడల్పుగా అయ్యాయేమో కూడా చూడాలి. బెల్టు మీద ఇంజన్ ఆయిల్ గానీ, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం గానీ పడిన మరకలు కనిపిస్తే ముందుగా ఆ లీకును ఆపించాలి, ఆ తర్వాతే బెల్టు మార్పించాలి.

ఇక అన్నింటికంటే ఉపయోగపడేది నీళ్ల పరీక్ష. ఇంజన్‌ను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, తిరగనిచ్చి, చప్పుడు వస్తున్న సమయంలో, చేతిని దూరంగా ఉంచి, బెల్టు గాళ్లున్న లోపలి వైపు మీద రెండు మూడు సార్లు మంచినీళ్లు చిమ్మండి. వైర్లు, కనెక్టర్ల మీద పడనివ్వకండి. చప్పుడు వెంటనే తగ్గి, నీరు ఆరిపోగానే తిరిగి వస్తే పుల్లీల వరుసలో తేడా ఉంది. చప్పుడు ఇంకా పెరిగితే బెల్టుకు బిగువు చాలడం లేదు, అంటే లోపం టెన్షనర్‌లో గానీ, అరిగిన బెల్టులో గానీ ఉంది. ఏ మార్పూ రాకపోతే బేరింగులను అనుమానించాలి. ఈ పరీక్షకు నీళ్లే వాడాలి. కీచు ఆపుతుందని కొందరు బెల్టుకు సబ్బు రుద్దుతారు, ఆయిల్ స్ప్రే కొడతారు. అవి చప్పుడును కాసేపు కప్పిపుచ్చి, రబ్బరును మెత్తబరచి, అసలు జాడను చెరిపేస్తాయి.

బిగువు తక్కువని తేలితే, టెన్షనర్ చేయి ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఎలా కదులుతోందో దూరం నుంచి గమనించండి. అది కొద్దిగా కదలడం సహజమే, కానీ టపటపా కొట్టుకుంటూ ఉంటే స్ప్రింగు బలం పోయినట్లే. చేతితో బిగించుకునే ఏర్పాటు ఉన్న పాత కార్లలో, ఇంజన్ ఆపి, రెండు పుల్లీల మధ్య బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తారు. ఎంత లోపలికి వెళ్లాలో ఆ కారు మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. అవసరానికి మించి బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు త్వరగా పోతాయి.

బేరింగ్ మీద అనుమానం ఉంటే బెల్టు తీయవలసి వస్తుంది. తీసే ముందు అది ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో ఫోటో తీసుకోండి. కొన్ని కార్లలో టెన్షనర్ లేకుండా, సాగదీసి ఎక్కించే బెల్టు ఉంటుంది. దాన్ని ఇంట్లో తీయవద్దు, పనిముట్లు ఉన్న మెకానిక్‌కే వదిలేయండి. బెల్టు తీశాక, క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ తప్ప మిగతా ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పితే మెత్తగా, శబ్దం లేకుండా తిరగాలి. ఇసుక రేణువులు నలుగుతున్నట్టు తగిలితే, పట్టుకుని ఊపినప్పుడు ఆడితే, ఆ బేరింగ్ అయిపోయింది. వాటర్ పంపు పుల్లీ ఊగుతూ, దాని కింద కూలెంట్ చారలు కూడా ఉంటే పంపు మార్చడాన్ని వాయిదా వేయకండి. బెల్టు లేకుండానే ఇంజన్‌ను కొద్ది క్షణాలు తిప్పి చూస్తే మరో నిర్ధారణ దొరుకుతుంది: చప్పుడు పోతే లోపం బెల్టులో గానీ, దానితో తిరిగే భాగాల్లో గానీ ఉంది, పోకపోతే ఇంజన్ లోపల వెతకాలి. అలా తిప్పేటప్పుడు వాటర్ పంపు ఆగిపోతుంది కాబట్టి ఎక్కువసేపు నడపకూడదు.

నడుస్తుండగా చప్పుడుతో పాటు డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం వెలిగినా, ఇంజన్ వేడి ముల్లు పైకి ఎగబాకినా ఈ పరీక్షలేవీ పెట్టుకోకుండా కారును పక్కకు ఆపి, ఇంజన్ కట్టేయండి. కొత్త బెల్టు వేయించిన రోజున ఏసీ, హెడ్‌లైట్లు వేసి, పూర్తి భారం మీద ఒకసారి విని చూడండి. చేతితో బిగించే రకం అయితే కొత్త రబ్బరు కొద్దిగా సాగుతుంది కాబట్టి, కొన్ని రోజుల తర్వాత బిగువు మరోసారి సరిచూపించుకోండి.