పల్లీలు, బత్తాయితో ఓట్స్ బార్లు ఇంట్లో ఎలా చేయాలి?

పల్లిపట్టి చేయడం వచ్చినవాళ్లకు ఓట్స్ బార్ పెద్ద పనేం కాదు. ఒక్క అలవాటు మాత్రం పక్కన పెట్టాలి. ఇందులో బెల్లం కరగాలి గానీ పాకం రాకూడదు. పల్లిపట్టి విడిపోకుండా ఉండేది ముదురు పాకం వల్ల. ఈ బార్‌లో ఆ పని ఖర్జూరం, అరటిపండు గుజ్జు చేస్తాయి. గుజ్జులోని తడిని మెల్లగా లాగేసి గట్టిపరచడమే ఓవెన్ పని. ఈ సంగతి గుర్తుంటే కొలతలు కాస్త అటూ ఇటూ అయినా బార్ చెడిపోదు.

బడి నుంచి ఆకలితో వచ్చే పిల్లలకు, పొద్దున్నే టిఫిన్ మానేసి బస్సెక్కే పెద్దవాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది. ఓట్స్, ఖర్జూరం బయటి నుంచి వచ్చే సరుకే. కానీ రుచి తెచ్చేవి మన దగ్గరివే. యాసంగిలో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ చేలల్లో పండే పల్లీలు, నల్లగొండ తోటల బత్తాయి, ఎండాకాలమైతే కొల్లాపూర్ మామిడి.

ఏమేం కావాలి?

ఈ కొలత 8 అంగుళాల (20 సెం.మీ.) చదరపు ట్రేకు సరిపోతుంది. 16 బార్లు వస్తాయి.

రోల్డ్ ఓట్స్ 200 గ్రాములు
గింజ తీసిన మెత్తని ఖర్జూరం 150 గ్రాములు
బాగా మాగిన అరటిపండ్లు 2 (గుజ్జు 200 గ్రాముల దాకా)
పల్లీలు 75 గ్రాములు
నువ్వులు 2 టేబుల్ స్పూన్లు
తురిమిన బెల్లం 40 గ్రాములు
నెయ్యి 50 గ్రాములు
కిస్మిస్ గుప్పెడు
బత్తాయి 1
ఉప్పు చిటికెడు

ఓట్స్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘రోల్డ్’ అని ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం వాడితే బార్ ముద్దగా అవుతుంది, నమిలే పని ఉండదు. మసాలా ఓట్స్ అసలే వద్దు. ఇంట్లో జొన్న అటుకులుంటే 50 గ్రాముల ఓట్స్ తగ్గించి అవి వేసుకోవచ్చు, కొంచెం కరకర వస్తుంది.

ముందు వేపుళ్లు

పల్లీలను సన్నని సెగ మీద, పొట్టు చిట్లి గింజ లేత గోధుమరంగుకు వచ్చేదాకా వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చి మిగులుతుంది. చల్లారాక అరచేతుల మధ్య రుద్ది, చాటలో చెరిగి పొట్టు తీసేయండి. తర్వాత రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. మిక్సీ అయితే ఒక్కో క్షణం తిప్పి ఆపాలి, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్ద కడుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు పెట్టేటట్టయితే పలుకు లేకుండా పొడి చేయండి, పలుకులు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వాళ్ల వంతులో కిస్మిస్‌ను కూడా సన్నగా తరగాలి.

అదే మూకుట్లో ఓట్స్ ఐదారు నిమిషాలు, నువ్వులు చిటపటలాడేదాకా వేయించండి. ఓట్స్ వేయించకుండా వేస్తే బార్‌లో పచ్చి పిండి వాసన ఉండిపోతుంది.

గుజ్జు, బత్తాయి

ఖర్జూరాలను వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, నీళ్లు వంపేసి మెత్తగా రుబ్బాలి. జార్ తిరగకపోతే ఒకటి రెండు చెంచాల నీళ్లు చాలు. అరటిపండ్లు తొక్క మీద నల్ల మచ్చలు వచ్చినవి తీసుకోండి, వాటిలోనే తీపి ఎక్కువ. ఫోర్క్‌తోనో పప్పుగుత్తితోనో మెదిపితే చాలు.

బత్తాయి దగ్గర కొంచెం ఆగాలి. కాయను బాగా కడిగి తుడిచి, సన్న తురుముపీట మీద మెల్లగా తిప్పుతూ పై తొక్కను మాత్రమే తురమండి. తొక్క గీరుకోగానే నూనె తుంపర్లు లేచి వేళ్లకు పడతాయి, గదంతా వాసన వస్తుంది. తెల్లటి పొర కనబడిన చోట ఆపి కాయను పక్కకు తిప్పాలి. ఆ తెల్ల పొర చేదు. ఒక కాయ మీద చెంచాడు తురుము వస్తుంది, అది చాలు. యాలకుల పొడి వేస్తే ఈ వాసన కనబడకుండా పోతుంది కాబట్టి రెండింట్లో ఒకటే వేయాలి, నా ఓటు బత్తాయికే.

రసం రెండు చెంచాలకు మించి వద్దు. బత్తాయి రసాన్ని ముందే పిండి పెట్టుకున్నా, మరిగించినా చేదెక్కుతుంది. అందుకే అన్నీ కలిపే ముందు, గింజలు పడకుండా, అప్పటికప్పుడు పిండుకోవాలి. మిగిలిన రసం తాగేయండి.

కలపడం, అద్దడం

చిన్న గిన్నెలో నెయ్యి, బెల్లం, రెండు చెంచాల నీళ్లు సన్న సెగ మీద పెట్టండి. బెల్లం కరిగి బుడగలు మొదలవగానే దించేయాలి. బెల్లంలో నలకలుంటే వడపోయండి. అది వేడిగా ఉండగానే ఖర్జూరం ముద్ద, అరటి గుజ్జు, తురుము, రసం, ఉప్పు కలిపి, ఆ మిశ్రమాన్ని ఓట్స్, పల్లీలు, నువ్వులు, కిస్మిస్ మీద పోసి బాగా కలపండి. పొడి ఓట్స్ ఎక్కడా కనబడకూడదు. పిడికిట నొక్కితే ముద్దగా నిలవాలి, నీళ్లు కారకూడదు. కారుతుంటే గుప్పెడు ఓట్స్ వేసి పది నిమిషాలు వదిలేయండి, తడి పీల్చుకుంటాయి.

ట్రేలో బటర్ పేపర్ పరిచి, మిశ్రమం వేసి, సర్వప్ప పిండిని గిన్నెకు అద్దినట్టు మూలల దాకా సమంగా అద్దాలి. తర్వాత అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో గట్టిగా అదమండి. చాలామంది ఇళ్లలో బార్లు పొడిపొడిగా రాలేది ఇక్కడ బద్ధకించినందుకే. ఓవెన్‌లో పెట్టాక ఎంత కాల్చినా ఆ లోటు తీరదు.

కాల్చడం

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ముందే వేడిచేసి, ట్రేను మధ్య అరలో పెట్టి 25 నుంచి 30 నిమిషాలు కాల్చాలి. అంచులు ముదురు బంగారు రంగుకు వచ్చి ట్రే గోడ నుంచి కాస్త విడితే అయిపోయినట్టే. నడుమ మెత్తగానే ఉంటుంది, భయపడొద్దు, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. నడుమ కూడా గట్టిపడేదాకా ఉంచితే మర్నాటికి పళ్లకు పరీక్షే. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్ ఉండాలి, మామూలు మోడ్‌లో ఉడుకుతుంది గానీ కాలదు.

ఓవెన్ లేనివాళ్లు పాత ప్రెషర్ కుక్కర్ వాడుకోవచ్చు. గ్యాస్కెట్, విజిల్ తప్పకుండా తీసేయాలి. అడుగున రెండు కప్పుల ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేయండి. సగం కొలత మిశ్రమాన్ని చిన్న గుండ్రటి గిన్నెలో అద్ది లోపల పెట్టి, సన్న సెగ మీద 35 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. పైన రంగు అంతగా రాదు, రుచికి లోటుండదు.

బయటికి తీశాక కనీసం గంట ట్రేలోనే వదిలేయండి. వేడి మీద కోస్తే విరిగిపోతుంది. చల్లారాక పేపర్‌తో సహా ఎత్తి, పొడవాటి కత్తితో నడుమకు ఒక కోత, అడ్డంగా ఏడు కోతలు పెడితే 16 పట్టీలు వస్తాయి. కత్తిని గీయకుండా పై నుంచి కిందికి నొక్కాలి.

ఏ పండు వేయొచ్చు, ఏది వద్దు?

నీరెక్కువ ఉన్న పండు ఈ బార్‌కు పనికిరాదు. బత్తాయి తొనలు, పుచ్చకాయ, పచ్చి జామ ముక్కలు వేస్తే లోపల తడి మిగిలి రెండో రోజుకే పులుస్తుంది. మామిడి కాలంలో ఒక అరటిపండు బదులు మామిడి గుజ్జు వేసుకోవచ్చు, కానీ దాన్ని ముందు మూకుట్లో దగ్గరపడేదాకా ఉడికించాలి. మామిడి తాండ్ర ముక్కలైతే ఆ శ్రమ కూడా లేదు. బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజుల్లో వాటిని వేయాలనిపించడం సహజం. వేయకండి. సీతాఫలం గుజ్జు వేడికి చేదెక్కుతుంది. దాన్ని అలాగే తినాలి.

చక్కెర వేయలేదు కదా అని షుగర్ ఉన్నవాళ్లు నాలుగైదు తినేయకూడదు. బెల్లం, ఖర్జూరం, అరటి, కిస్మిస్ అన్నీ కలిపి ఒక్కో బార్‌లో పది పదకొండు గ్రాముల తీపి ఉంటుంది, అంటే రెండు మూడు చెంచాల చక్కెరతో సమానం. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్ తగ్గడానికి సాయపడుతుంది, అందుకు రోజుకు 3 గ్రాములు కావాలంటారు. ఒక బార్‌లో ఉండేది అర గ్రామే. దీన్ని మందు అనుకోకుండా, బిస్కెట్ ప్యాకెట్ బదులు కడుపు నింపే మంచి చిరుతిండి అనుకుంటే సరి. పల్లీలు పడనివాళ్లకు వాటి బదులు గుమ్మడి గింజలు వేయండి.

నిలవ

అరటిపండు ఉంది కాబట్టి పల్లిపట్టిలా నెలల తరబడి ఉండదు. చలికాలంలో గాలి చొరని డబ్బాలో మూడు రోజులు, మన ఎండల్లో ఒక్కరోజు బయట ఉంచొచ్చు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. డబ్బాలో వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపర్ వేయకపోతే ఒకదానికొకటి అంటుకుంటాయి. బడి బాక్సులో పెట్టేది రాత్రే ఫ్రిజ్‌లోంచి తీయక్కర్లేదు, పొద్దున పెడితే ఇంటర్వెల్ నాటికి మెత్తబడుతుంది.