బుల్లెట్ బండి ఇంజిన్ కవర్‌కి రంగు, పాత ఓవెన్‌లో వేడి

విజయవాడ పటమటలో మా ఇంటి షెడ్డులో మొదటిసారి రంగేసిన బుల్లెట్ ఇంజిన్ కవర్ పదిహేను రోజులకే పొట్టు లేచిపోయింది. తప్పు రంగుది కాదు, నాదే. ఒక మూల ఆయిల్ జిడ్డు వదిలేశాను.

అందుకే సగం పని కడగడమే అంటాను. ఆయిల్ సీళ్లు, బేరింగులు ముందే ఊడదీయండి. డీజిల్‌తో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, 320 నంబర్ ఎమరీ పేపర్ పట్టండి. చివర్లో థిన్నర్ తడిపిన తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. ఇక వట్టి చేత్తో ముట్టుకోవద్దు. గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా కవర్‌కీ ఇంజిన్‌కీ మధ్య పెట్టే పల్చటి షీటు) కూర్చునే అంచులకు టేప్ వేయండి.

ఆటోనగర్‌లో ఇంజిన్ ఎనామెల్ స్ప్రే అని అడిగి కొనండి, మామూలు స్ప్రే వేడికి నిలవదు. తలుపు తీసి, మాస్కు పెట్టుకుని, అడుగు దూరం నుంచి పల్చగా మూడు పూతలు వేయండి. వానరోజు తేమకి రంగు పాలిపోతుంది. మన మే నెల మధ్యాహ్నమైతే గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. నేను ఉదయం ఏడింటికే కానిచ్చేస్తాను.

టేప్ పీకేసి, రోజంతా ఆరనిచ్చి, థిన్నర్ వాసన పూర్తిగా పోయాకే, రంగు గట్టిపడటానికి ఓవెన్‌లో పెట్టండి. ఆ ఆవిరి అంటుకుంటే షెడ్డే పోతుంది. నేను వాడే రంగుకి 93 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలు. మీ డబ్బా మీద వేరే అంకె ఉంటే అదే లెక్క. ఓవెన్ నాబ్‌ని నమ్మకండి, లోపల చిన్న థర్మామీటర్ పెట్టండి. ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు. మా ఆవిడ దాని మీద మార్కర్‌తో 'బండిది' అని రాసేసింది.