ప్లాన్ గీసే ముందు క్లయింట్‌తో కలిసి డిజైన్ బ్రీఫ్ తయారు చేయడం ఎలా?

ఇల్లు కట్టాలన్నా ఆఫీసు కట్టాలన్నా క్లయింట్ దాదాపు ఎప్పుడూ ఒక జాబితాతోనే వస్తారు. మూడు బెడ్‌రూములు, పెద్ద హాలు, ముందు బాల్కనీ, వీలైతే ఒక స్టడీ రూము. ఇవన్నీ ఆయన తనంతట తాను తేల్చుకున్న జవాబులు. ఏ అవసరానికి ఆ జవాబు చెప్పుకున్నారో మాత్రం ఆయన మనసులోనే ఉండిపోతుంది. దాన్ని బయటికి లాగి, ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యే మాటల్లో కాగితం మీద పెడితే అదే డిజైన్ బ్రీఫ్. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రిబా 1963లో తొలిసారి తెచ్చిన పని ప్రణాళికకు ఇప్పుడు వాడుకలో ఉన్న 2020 కూర్పులో 0 నుంచి 7 దాకా దశలున్నాయి. డిజైన్ మొదలయ్యేది 2వ దశలో. అంతకు ముందున్న రెండు దశలూ అవసరం తేల్చుకోవడానికీ బ్రీఫ్ సిద్ధం చేసుకోవడానికే.

1. ఎవరి మాట వినాలో, ఎవరి మాట చివరిదో తేల్చుకోండి

డబ్బు పెట్టేవారు, నిర్ణయం తీసుకునేవారు, ఆ భవనంలో రోజూ తిరిగేవారు ఒక్కరే కాకపోవచ్చు. బడి కడుతుంటే యాజమాన్యంతో పాటు టీచర్లతో, పిల్లలతో, ఊడ్చి తుడిచేవాళ్లతో కూడా మాట్లాడాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ కిటికీ అద్దం చేతికి అందదో చెప్పగలిగేది ఆ చివరివాళ్లే. అందరి మాటా విన్నాక, తేడా వచ్చినప్పుడు ఎవరు చెప్పింది ఖాయమో మొదటి పేజీలోనే పేరుతో సహా రాయించుకోండి. ఇబ్బందిగా అనిపించినా మొహమాటపడకండి. కాలమ్‌లు లేచాక ఇదే ప్రశ్న అడగాల్సి వస్తే ఇంకా ఇబ్బంది.

2. గదుల గురించి కాకుండా పనుల గురించి అడగండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "ఎన్ని గదులు కావాలి?" అని అడిగితే అంకె చెబుతారు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరు ఎక్కడ ఏం చేస్తారు?" అని అడిగితే బతుకు చెబుతారు. స్టడీ రూము కావాలన్నారనుకోండి. చదివేది ఎవరు, ఏ వేళలో, ఎంతసేపు, తలుపు వేసుకోవాలా అని అడుగుతూ పోతే అసలు కావలసింది వేరే గది కాదనీ, కిటికీ పక్కన ఒక బల్ల, రెండు గంటలు శబ్దం లేకుండా ఉండే చోటు ఉంటే చాలనీ తేలవచ్చు. పెద్ద హాలు సంగతీ అంతే. ఏడాదిలో ఎన్నిసార్లు నిండుతుంది? నిండేది రెండు మూడుసార్లే అయితే, రెండు చిన్న గదుల మధ్య మడిచే తలుపు పెట్టినా పని జరుగుతుంది. మిగతా రోజుల్లో ఖాళీ హాలును తుడుచుకునే శ్రమ తప్పుతుంది.

వీలైతే వాళ్లు ఇప్పుడున్న చోటికి వెళ్లి చూడండి. మాటల్లో రానిది అక్కడ కళ్ల ముందే ఉంటుంది. చెప్పుల కుప్ప ఎక్కడ పడుతోంది, కుర్చీ మీద బట్టలు ఎందుకు పేరుకున్నాయి, ఏ గదిలో పగలే లైటు వేసి ఉంది? కొత్త చోటికి తీసుకెళ్లే బీరువాలు, మంచాలు, యంత్రాలు ఉంటే టేపు పెట్టి కొలుచుకోండి.

ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు చూపిస్తారు, అవీ పనికొస్తాయి. "ఇలాగే కావాలా?" అని మాత్రం అడగకండి. "ఇందులో మీకు నచ్చిందేమిటి?" అని అడగండి. చాలాసార్లు నచ్చింది పాలరాయో, సీలింగో అయి ఉండదు. ఆ ఫొటోలో సామాను కనబడకపోవడమే నచ్చి ఉంటుంది. అప్పుడు బ్రీఫ్‌లోకి ఎక్కాల్సింది అల్మారాలకు చోటు.

నిర్ణయించేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే, అందరినీ కూర్చోబెట్టి అడిగే ముందు ఎవరి కోరికలు వాళ్లను విడిగా రాయమనండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. గట్టిగా మాట్లాడేవారి కోరికే అందరి కోరికగా చలామణి కాకుండా ఉంటుంది. తేడాలుంటే మీరు తీర్పు చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు రాసి, ఫలానా తేదీలోగా తేల్చుకోమని అప్పగించండి.

3. స్థలం ఏమంటోందో చూడండి

సర్వే కొలతలు, వాలు, ఉత్తర దిక్కు, ఉన్న చెట్లు, వాన నీరు పోయే దారి, పక్కింటి కిటికీలు, నేల పరీక్ష, నిబంధనల ప్రకారం వదలాల్సిన జాగా, అనుమతించే ఎత్తు. ఇవి అభిప్రాయాలు కావు కాబట్టి చర్చ అక్కర్లేదు. పత్రాలు తెప్పించి బ్రీఫ్‌కు జత చేస్తే చాలు.

4. మాటలను కొలతల్లోకి మార్చండి

"మంచి వెలుతురు" అంటే ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం. "పగలు లైటు వేయకుండా పేపరు చదవగలగాలి" అని రాస్తే తర్వాత సరిచూసుకోవచ్చు. "ప్రశాంతంగా ఉండాలి" అనే చోట "పక్క గదిలో టీవీ నడుస్తున్నా నిద్ర చెడకూడదు" అని రాయండి. ముందు ముందు చక్రాల కుర్చీ వాడాల్సి రావచ్చనుకుంటే అది తిరగడానికి సుమారు 1.5 మీటర్ల వ్యాసం ఖాళీ కావాలని ఇప్పుడే చేర్చండి.

ప్రతి చోటుకూ ఒక వరుస చొప్పున పట్టిక వేయండి: ఎవరు, ఎంతమంది, ఏ వేళ, ఏ సామాను, ఎంత వైశాల్యం, దేనికి దగ్గరగా, దేనికి దూరంగా. వైశాల్యం కూడేటప్పుడు అందరూ మరిచిపోయేవి గోడలు, నడవలు, మెట్లు. గదుల మొత్తం 1,200 చదరపు అడుగులు వస్తే కట్టేది 1,200 కాదు. తొలి అంచనాగా వీటికి 30 శాతం కలిపితే 1,560 అవుతుంది. ఈ లెక్క విన్నాక క్లయింట్ ముఖం కాస్త వాడిపోవచ్చు. అయినా ఇప్పుడే చెప్పాలి.

5. డబ్బూ గడువూ దాచకుండా మాట్లాడుకోండి

చెప్పిన బడ్జెట్ కట్టడానికి మాత్రమేనా, లేక ఫీజులు, పన్నులు, అనుమతులు, ఫర్నిచర్, ప్రహరీ అన్నీ కలిపా? ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే మిగతా కాగితమంతా ఇసుక మీద రాతే. అనుకోని ఖర్చుకు కొంత విడిగా పక్కన పెట్టించండి. పాత భవనాన్ని మార్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే గోడ పగలగొట్టేదాకా లోపలేముందో తెలియదు. వైశాల్యం, నాణ్యత, ఖర్చు ఈ మూడింటినీ క్లయింట్ ఒక్కరే బిగించి పట్టుకోలేరు. ఏ రెండు ముఖ్యమో అడిగి, మూడోదాన్ని వదులుగా ఉంచమనండి.

ఆ తర్వాత కోరికలను తప్పనిసరి, ఉంటే మంచిది, తర్వాత చూద్దాం అని విడదీయండి. అన్నీ తప్పనిసరే అనేవాళ్లుంటారు. "పదో వంతు వైశాల్యం తగ్గించాల్సి వస్తే మొదట ఏది వదులుకుంటారు?" అని అడిగితే అసలు వరుస బయటపడుతుంది.

6. రాయండి, చదివి వినిపించండి, సంతకం తీసుకోండి

అమెరికాలో ఈ పద్ధతికి ఒక క్రమం ఏర్పరచిన ఆర్కిటెక్టు విలియం పెన్యా గమ్యాలు, వాస్తవాలు, ఆలోచనలు, అవసరాలు అయ్యాక చివరి మెట్టుగా, డిజైన్ తీర్చాల్సిన సమస్య ఏమిటో చెప్పడం పెట్టాడు. మీరూ ఆఖరున సమస్యను ఒక పేరాలో రాసి చూడండి. అది కుదరకపోతే అడగాల్సినవి ఇంకా మిగిలాయన్నమాట. "మెట్లు మధ్యలో రావాలి" లాంటి వాక్యం దొర్లితే ఎందుకని అడిగి, కారణాన్ని రాయండి. మెట్లు ఎక్కడ రావాలన్నది డిజైన్‌లో తేలుతుంది.

మామూలు ఇంటికి నాలుగైదు పేజీలు సరిపోతాయి. పంపి ఊరుకోకుండా పక్కన కూర్చుని చదివి వినిపించండి. "నేనన్నది అది కాదు" అనే మాట వచ్చేది అప్పుడే. సవరించాక తేదీ, కూర్పు సంఖ్య వేసి ఇద్దరూ సంతకం చేయండి. చివరి పేజీ మార్పుల కోసం ఖాళీగా ఉంచండి: ఏం మారింది, ఎవరు అడిగారు, ఖర్చు మీదా గడువు మీదా ఎంత ప్రభావం. ఫోన్‌లో అడిగిన చిన్న మార్పు అయినా సరే, ఆ పేజీలో ఎక్కాకే డ్రాయింగ్‌లోకి రావాలి.